కడుపులో మాడిన ఇనుము

నర్సమ్మగారికి గేట్లు అతికే తాత పెట్టే దండాలు.

పిల్ల దొడ్డికెళ్లిన గుడ్డ చేత్తో పట్టుకుని, "మనవరాలి కడుపులో ఇనుము మాడిపోయిందమ్మా!" అని మీ గదిలోకి పరిగెత్తుకొచ్చింది నేనే. బయట బెంచీ మీదున్న వాళ్లంతా ముక్కులు మూసుకున్నారు. మీరు మాత్రం గుడ్డ విప్పి చూసి, "నేనిచ్చిన ఐరన్ చుక్కలు వేస్తే దొడ్డికి నల్లగానే వెళ్తుంది బాబాయ్. పిల్లకి రక్తం తక్కువ, మెదడు ఎదిగే వయసు. భయపడి ఆపారో, ఊరుకోను!" అన్నారు. నేనేం చెయ్యను, రోజంతా వెల్డింగు చేసేవాణ్ణి, నల్లగా కనిపిస్తే మాడిందనే అనుకుంటాను.

అప్పట్లో నేను మూతి వంకర తిప్పినా, తువ్వాలు చాటునుంచి 'బూ' అన్నా, పిల్ల గోడని చూసినట్టు చూసేది. "నీ మొహానికి ఎవరు నవ్వుతారు?" అని మా ఆవిడ దెప్పేది గానీ, వంటగదిలోకెళ్లి కళ్లు తుడుచుకునేది.

మీకు భయపడి చుక్కలు ఆపలేదు. పిల్ల మెల్లగా తేరుకుంది. నిన్న బిస్కెట్ ముక్క నా నోటిదాకా తెచ్చింది. మురిసిపోయి నోరు తెరిచాను. చటుక్కున వెనక్కి లాక్కుని, తన నోట్లో కుక్కుకుని, నా మొహం చూసి కిలకిలా నవ్వింది!

ఇలాంటి వేళాకోళాలతోనే వీధిలో వాళ్లందరినీ వెర్రివాళ్లని చేసిన నన్ను నాలుగు పళ్ల మనిషి వెర్రివాణ్ణి చేసింది తల్లీ. మీ మేలు మరిచిపోను.

ఇట్లు,
ఆ తెరిచిన నోరు ఇంకా మూయని తాత