ఐర్లండ్ దీవి, నా మిరప చేను

దోహా, శుక్రవారం రాత్రి

ఐర్లండ్‌లో ఏదో మారుమూల దీవి మీద పొలం, రాతి ఇల్లు అమ్మకానికి ఉన్నాయట. మా అబ్బాయి కొంటాడట. భోజనాల దగ్గర ఫోన్‌లో చూపించాడు.

"ఇక్కడ డ్యూటీ పోతే వీసా పోతుందమ్మా. అక్కడైతే మనల్ని పొమ్మనేవాడుండడు."

"ఇల్లు కొన్నంత మాత్రాన ఉండనిస్తారా?"

"కనుక్కోవాలి."

"చలికాలం పడవలు నడుస్తాయా?"

"అదీ కనుక్కోవాలమ్మా."

"మరి ఏం కనుక్కున్నావురా?" అని కసిరాను.

ఇంతలో అదే ఫోన్‌లో ఫోటోలు జరుపుతున్న మనవరాలు, "నానమ్మా, ఇది మన మిరప చేను కదా!" అంది. గట్టు మీద "అమ్మబడును" అని బోర్డు, కింద మావాడి నంబరు.

ఆ రెండెకరాలూ నా పేరు మీద ఉన్నాయి. నాకొక్క మాట చెప్పలేదు. చచ్చినా సంతకం పెట్టను.

బోర్డు ఎప్పుడు పాతించాడో అడిగితే ఫోన్ లాక్కుని లేచిపోయాడు. అక్కడ మా ఊరంతా చదివే ఉంటుంది. ఆ ఊళ్లోనే ఉండి రోజూ ఫోన్ చేసే మా చెల్లెలు కూడా నాకు చెప్పలేదు.