నాలుగో కళ్లజోడు

జూన్ 3
మూడో కళ్లజోడు వచ్చింది, ఈ ఏడాదిలోనే. నాన్నకి కళ్లజోళ్ల షాపు ఉన్న పాపానికి నాకు తలనొప్పి వచ్చినా, మార్కులు తగ్గినా, అన్నం సయించకపోయినా కారణం సైటే. కుర్చీలో కూర్చోబెట్టి, ఒక కన్ను మూయించి చార్ట్ చదివించాడు. చివరి లైను దాకా గడగడా చదివేశాను. ఏడేళ్లప్పటి నుంచి చూస్తున్న చార్టే, కంఠతా వచ్చు. అయినా మనసొప్పక అద్దాలు మార్చాడు.

ఫ్రేము బాగుంది. ఎవరికి చూపించాలి?

జూన్ 9
ఆదివారమంతా గోడవైపు తిరిగి పడుకున్నాను.

జూన్ 14
దువ్వెన ఎక్కడ పెట్టావే అని అడిగింది అమ్మ. అంతే. ఇంతెత్తున లేచి తలుపు వేసేసుకున్నాను. అమ్మ పిన్నికి ఫోన్ చేసి, దీనికి పొగరు నెత్తికెక్కిందే అంది. కావచ్చు. తలుపు వెనక ఏడ్చింది కూడా నేనే. అది పిన్నికి ఎవరూ చెప్పరు.

జూన్ 20
నేను ఆటలు మానేశానని, లంచ్ ఒక్కదాన్నే తింటున్నానని క్లాస్ టీచర్ అమ్మని పిలిపించింది. పిల్లల సైకియాట్రిస్ట్‌కి చూపించమందట. మా పిల్లకేమైనా పిచ్చా అని అమ్మ ఒకటే గొడవ. నాన్న షాపుకి వెళ్లిపోయాడు.

జూన్ 24
చివరికి ఆ సైకియాట్రిస్ట్ దగ్గరికే తీసుకెళ్లింది అమ్మ. అక్కడ అమ్మకొక ఫారం, నాకొకటి, వేరే వేరే గదుల్లో. గత రెండు వారాల్లో ఎలా ఉన్నావు, సున్నా నుంచి మూడు దాకా వెయ్యాలి; సున్నా అంటే అస్సలు లేదు, మూడంటే దాదాపు రోజూ. తొమ్మిదో ప్రశ్న, నేను లేకపోతే బాగుండును అనిపించిందా అని. ముందు దానికే సున్నా పెట్టి, తర్వాత అన్నిటికీ అదే పెట్టాను. చార్టులు చదవడం నాకు కొత్త కాదు.

అమ్మ కోపం దగ్గర మూడు వేసింది. డాక్టరమ్మ రెండు ఫారాలూ పక్కపక్కన పెట్టి, ఈ వయసులో దిగులు ఒక్కోసారి కోపంలా బయటికొస్తుందండీ అంది. కాగితం చూసి ఇప్పుడే జబ్బు పేరు చెప్పను, వచ్చే వారం తనతో విడిగా మాట్లాడతాను అంది.

బస్సులో అమ్మ నా చెయ్యి పట్టుకుంది. విడిపించుకున్నాను. ఎందుకో తెలీదు.

జూన్ 29, సాయంత్రం
నాన్న షాపుకి రమ్మని, కుర్చీలో కూర్చోమన్నాడు. నాలుగో కళ్లజోడు అనుకున్నాను. చార్ట్ లైటు వెయ్యలేదు. నీకది కంఠతా వచ్చని నాకెప్పుడో తెలుసురా అన్నాడు. మరెందుకు చదివించావు అన్నాను. ఆ కాసేపైనా నా ఎదురుగా కూర్చుంటావని, అన్నాడు. తర్వాత, కనపడట్లేదని నువ్వు చెప్తే కదమ్మా నేను ఏదైనా చెయ్యగలిగేది, అన్నాడు.

చాలాసేపు ఏడ్చాను. నాన్న తుడిచిన అద్దాలనే మళ్లీ తుడుస్తూ కూర్చున్నాడు.

జూలై 1
మళ్లీ అదే ఫారం. ఈసారి తొమ్మిదో ప్రశ్నకి రెండు పెట్టాను. డాక్టరమ్మ తన కుర్చీని నా దగ్గరికి జరుపుకుంది. బయట బెంచీ మీద అమ్మా, షాపు మూసి వచ్చిన నాన్నా.