నీళ్లు మింగితే కదిలే గడ్డ

వైరా

సుబ్బరత్నం వదిన గారికి,

మీ సుజన సూది పరీక్ష రిపోర్టు అందింది. గడ్డలో క్యాన్సర్ లేదని చూసి సంతోషించాను. మీరు ఫోన్లో అంతగా ఏడవాల్సిన పని నేనేం చేయలేదు. కోడలు నీళ్లు మింగుతుంటే గొంతులో గడ్డ పైకి కదలడం కనిపెట్టింది నేనే. ఖమ్మం తీసుకెళ్లి స్కానింగ్ చేయించిందీ నేనే. "ఇసొంటివి శానా మట్టుకు ఏం కావమ్మా, సూది పెట్టి చూస్తే తెలుస్తది" అన్నాడు అక్కడి డాక్టరు. సంగతి తేలేదాకా పుట్టింట్లో ఉంటే మంచిదని అటునుంచి అటే సత్తుపల్లి బస్సు ఎక్కించాను. రోగిష్టిదాన్ని మావాడికి అంటగట్టారని బస్టాండులో నలుగురి ముందూ అన్నాను, నిజమే. మనసులో పెట్టుకోకండి.

ఆ తర్వాత నేనూ అద్దం ముందు నిలబడి నీళ్లు మింగి చూసుకున్నాను. నాకూ కదిలింది. నా సూది పరీక్ష మాత్రం మంచిగా రాలేదు. వచ్చే నెల ఆపరేషన్. మా అమ్మాయికి పిల్లల పరీక్షలట, రావడానికి కుదరదంది. అందుకని సుజనను ఆదివారానికల్లా పంపండి. దవాఖానాలో పక్కన ఆడమనిషి ఉండాలట.

స్కానింగ్ కోసం తీసిన తాళిగొలుసు గురించి పిల్ల బెంగపడుతోందన్నారు. మెడలో పసుపుకొమ్ము ఉందిగా, ప్రస్తుతానికి చాలు. మీరు కొత్తది చేయించకండి. మొగుడు బతికుండగా రెండో తాళి అరిష్టం. గొలుసు నా బీరువాలో భద్రంగా ఉంది. నాకు కుట్లు విప్పాక ఇస్తాను.

ఇట్లు,
మీ వియ్యపురాలు