వాక్యానికో ఉండ

ఆళ్లగడ్డ,
మంగళవారం.

ప్రియమైన కూతురు రజినికి, అమ్మ ప్రేమతో వందనాలు చెప్పి రాసేది. దేవుని కృప వల్ల ఇక్కడ మేమంతా క్షేమం, మీ నాయన మోకాలు, నా నోరు తప్ప. అక్కడ నువ్వూ అల్లుడు బెన్నీ బాగున్నారని తలుస్తాను. నా నోటి సంగతి చివర్లో రాస్తాను. ముందే చదవాలని కాగితం తిప్పవద్దు. మనం ఒట్లు పెట్టకూడదు కాబట్టి పెట్టడం లేదు, అంతే.

మోకాలు చూపించుకోవడానికి నంద్యాల వచ్చిన మీ నాయన చేత నువ్వు పంపిన చీటీ అందింది. "ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎందుకు ఎత్తవు?" అని మొదటి ముక్కే కోపంగా రాశావు. సిగ్నల్ లేదని ఆయన చెప్పి ఉంటాడు. చీటీతో పాటు దగ్గు మందు కూడా పంపావు. ఆయనకు దగ్గు లేదమ్మా. నువ్వు నా గురించి అడిగినప్పుడల్లా నవ్వు ఆపుకోలేక దగ్గినట్టు నటించాడట. ఆ మందు తియ్యగా ఉంటుందని కనిపెట్టి నీ కూతురు ఏంజెల్ నిన్నటి నుంచి దగ్గుతోంది. సీసా బీరువాలో పెట్టి తాళం వేశాను.

ఇక నువ్వు అడిగినవి. రాత్రి పడుకునే ముందు పాప పళ్లు తోముకుంటోందా అన్నావు. తోముకుంటోంది. కాకపోతే తాత పక్కన నిలబడి తోముకుంటేనే అదీ తోముకుంటుంది. ఇన్నేళ్లూ పొద్దున్నే వేపపుల్ల నమిలి ఉమ్మడమే తెలిసిన మనిషి, ఇప్పుడు రాత్రిపూట నోటినిండా నురగతో నిలబడి, మనవరాలు "చాలు తాతా" అనేదాకా కదలడు. పాలల్లో చక్కెర తగ్గించాను. బంకలాంటి జెల్లీలు గడప దాటనివ్వలేదు. తీపి ఏదైనా పెడితే అన్నం తిన్న వెంటనే పెట్టమనీ, మాటిమాటికీ నోట్లో వేయవద్దనీ, పంటికి అంటుకునేవి అసలే వద్దనీ పళ్ల డాక్టరమ్మ చెప్పిన మాటలు గుర్తున్నాయి. "ఇంకో పన్ను నల్లబడితే పాపను నంద్యాల తెచ్చుకుని డే కేర్‌లో వేస్తా" అని నువ్వు అన్న మాట అంతకంటే బాగా గుర్తుంది. మీ ఇద్దరికీ ఆసుపత్రి డ్యూటీలు కాబట్టి పాప నా దగ్గర ఉంది గానీ, అది లేని ఇల్లు నాకు ఇల్లు కాదు. ఆ భయంతోనే తప్పులన్నీ చేశాను.

మన చర్చిలో వేసవి సెలవుల్లో పిల్లలకు పాటలు, వాక్యాలు నేర్పే తరగతులు ఈసారీ నాకే అప్పజెప్పారు. వాక్యం తప్పులేకుండా చెప్పిన పిల్లకు ఒక చాక్లెట్ ఇవ్వడం ఎప్పటి నుంచో ఉన్నదే, నువ్వూ తిన్నదానివే. నీ కూతురు నీకంటే తెలివైనది. అన్నిటికంటే చిన్న వాక్యం ఒకటి ఏరుకుని, నాకోసారి, పాస్టరు గారికోసారి, పాస్టరమ్మ గారికోసారి అదే అప్పజెప్పి చాక్లెట్లు వసూలు చేసింది. అది తెలిసిన రోజే చాక్లెట్లు ఆపేసి, క్యారెట్, కీర దోస ముక్కలు పంచాను.

పిల్లలు తిరగబడ్డారు. భానుప్రియ కొడుకు అభిషేక్ లేడూ, వాడు క్యారెట్ ముక్క అటూ ఇటూ తిప్పి చూసి, "ఏందవ్వా, మేమేమన్నా మేకలమా? అంత పెద్ద వాక్యం జెప్తే ఇదా ఇచ్చేది?" అన్నాడు. మర్నాడు సగం చాపలు ఖాళీ. అబ్రహాము పాస్టరు గారు నన్ను పక్కకు పిలిచి, "ఓబులమ్మక్కా, పిల్లోళ్లు రావాలంటే నోరు రోంత తీపి చెయ్యాల గదా" అన్నారు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు, బెల్లం. డాక్టరమ్మ వద్దన్నది చాక్లెట్టునూ చక్కెరనూ. బెల్లం పేరు ఎత్తలేదు కదా! బెల్లంలో ఇనుము, చెనక్కాయ గింజల్లో బలం అనుకుని, ముదురు పాకం పట్టి ఉండలు చుట్టాను. వాక్యానికో ఉండ. చాపలు మళ్లీ నిండాయి. ఆ వారంలోనే నువ్వు ఫోన్ చేసి, "చక్కెర మిఠాయిలు ఏమన్నా పెడతాండావా మా?" అన్నావు. "చక్కెర ముట్టలేదు" అన్నాను. అది నిజమే. నిజమే అయినా ఫోన్ పెట్టేశాక నీ ఫోటో వైపు చూడలేకపోయాను.

ఇక ముగింపు రోజు. తల్లిదండ్రులందరూ వచ్చారు. నేను మైకు ముందు నిలబడి బహుమతులు ఇస్తున్నాను. భానుప్రియ ఉండ చేతిలోకి తీసుకుని, "ఇవి రాళ్ల మాదిరి ఉండాయి గదక్కా, పిల్లోళ్ల పండ్లు ఏం గావాల?" అంది. అంతమందిలో నా పాకాన్ని అనేసరికి నాకు రోషం వచ్చింది. "రాళ్లా? ఈ వయసులో నేనే కొరుకుతా, చూడు" అని కొరికాను.

ఉండ విరగలేదు. ఊడి రాలేదు. గట్టిగా లాగాను. నువ్వు దగ్గరుండి కట్టించిన పై వరస పళ్లు మొత్తం ఉండకు అతుక్కుని నా చేతిలోకి వచ్చాయి.

ముందు వరసలోంచి నీ కూతురు లేచి, "తాతా, బేగా రా! అవ్వ పండ్లు ఉండలో ఉండాయి!" అని అరిచింది. పాస్టరు గారు దేవుడిలాంటి మనిషి అనకూడదు గానీ, ఆ రోజు నన్ను కాపాడింది ఆయనే. వెంటనే మైకు అందుకుని, "అందరం కండ్లు మూసుకుని ప్రార్థన చేసుకుందాం" అన్నారు. అందరూ కళ్లు మూశారు. మీ నాయన ఉండ తీసుకుని వెనక టీ కాస్తున్న చోటికి కుంటుకుంటూ పరుగెత్తాడు. వేడినీళ్లు పోస్తాడు, గుంజుతాడు, రాదు. పాస్టరు గారు ఒక కన్ను తెరిచి చూస్తారు, ఇంకా కాలేదని ప్రార్థన పొడిగిస్తారు. వానల కోసం చేశారు. బనగానపల్లె మామిడి రైతుల కోసం, నంద్యాల బియ్యం మిల్లుల్లో పనిచేసే వాళ్ల కోసం, బస్సుల్లో ప్రయాణం చేసే వాళ్ల కోసం చేశారు. ఆఖరికి టక్కుమని చప్పుడైంది. "ఆమెన్" అని మొదట అన్నది మీ నాయనే. పళ్లు వచ్చాయి గానీ రెండు ముక్కలుగా వచ్చాయి.

నేను ఫోన్ ఎత్తకపోవడానికి కారణం ఇదమ్మా. పళ్లు లేకుండా మాట్లాడితే సగం గాలే వస్తోంది. ఒక్క మాటకే కనిపెట్టేస్తావు. అబద్ధం చెప్పడానికి కూడా పళ్లు కావాలని ఇన్నాళ్లూ నాకు తెలియదు.

పిల్లలైతే ఆ రోజే వరుసలో వచ్చి ఉండలన్నీ తిరిగి ఇచ్చేశారు. "అవ్వా, మాకు క్యారెట్టే ఇయ్యి" అన్నాడు అభిషేక్. మొన్న ఆదివారం ఉడికించిన చెనక్కాయలు, జామకాయ ముక్కలు పంచితే ఒక్కరూ నోరెత్తలేదు. ఇంట్లో మామిడిపండు కూడా అన్నంతోనే. తిన్నాక నీళ్లు పుక్కిలించాల్సిందే, మీ నాయనతో సహా.

అయితే అసలు చెప్పాల్సింది ఇది కాదు రజినీ. ముగింపు రోజు ఇంటికొచ్చాక ఏంజెల్ నా బోసినోరు చూసి మంచం మీద దొర్లి దొర్లి నవ్వింది. నోరు బార్లా తెరిచి నవ్వుతుంటే కింద వెనక పంటిలో ఆవగింజంత నల్ల మచ్చ కనిపించింది. పాకం పట్టిన ప్రతిసారీ దానికి మొదటి ఉండ రుచి చూపించింది నేనే. ఈ నెల నీకు సెలవు లేదు, నువ్వు రావు, దాచేద్దామని చూశాను. దాచడానికి ఆ పన్ను నాది కాదు కదా.

శనివారం పొద్దున బస్సుకు పాపను తీసుకుని నేనే వస్తున్నాను. డాక్టరమ్మ చూశాక, పాపను అక్కడే ఉంచుకుంటానంటే ఉంచుకో. ఎదురు చెప్పను. ఏడుస్తాను, అది వేరే సంగతి. ఇంత మాట దానికి చెప్పలేదు. పళ్ల డాక్టరు అనగానే మంచం కింద దూరి, "నేను రాను, నువ్వే పో" అంది. నేనూ నోరు చూపించుకుంటాలే అన్నాను. కాసేపు లోపలే ఆలోచించి, "అయితే ముందు నువ్వే కూచో అవ్వా. భయమైతే నా చెయ్యి పట్టుకో. నేను యాడికీ పోను" అంది.

అందుకని శనివారానికి ఇద్దరి పేర్లూ రాయించు.

ఇట్లు,
అంతదాకా ఫోన్ ఎత్తని నీ అమ్మ,
ఓబులమ్మ