వెనక్కి తిరగని పసుపు జెర్సీ

బూన్ లే, సింగపూర్
2025 సెప్టెంబరు 14, ఆదివారం

స్నేహితురాలు ప్రసన్నలక్ష్మికి,

అలేఖ్య నమస్కారాలు. నువ్వూ, గోపీకృష్ణ గారూ, సుస్మితా ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తూ ఇది రాస్తున్నాను. నా వైపు కొత్త కబుర్లు పెద్దగా లేవు. జనవరిలో ఈ బూన్ లే ఫ్లాట్‌కి మారాను. యూనివర్సిటీలో అదే ల్యాబు, అవే నీటి వడపోత పరీక్షలు. సైకిల్ హాల్లో గోడకి వేలాడుతోంది. శనివారాలు మాత్రం దించుతాను.

ఈ ఊళ్లోనే బుకిట్ పంజాంగ్‌లో ఉన్న నీకు పోస్టులో ఉత్తరం ఏమిటని అనుకుంటావేమో. నీ ఫోన్‌లో నా నంబరు బ్లాక్ చేశావు. మీ బ్లాకు కింద దాకా రెండుసార్లు వచ్చి లిఫ్టు ఎక్కలేక వెనక్కి పోయాను. చదవకుండా చింపేస్తే నేనేమీ అనుకోను. చదివితే మాత్రం చివరిదాకా చదువు.

పోయిన నెల లిటిల్ ఇండియా స్టేషన్లో సుస్మిత కనిపించింది. ఎంత పొడుగైపోయిందో! అమ్మ సైకిల్ తొక్కుతోందా అని అడిగాను. "లేదు లా ఆంటీ, అమ్మేశాం" అంది, అచ్చం ఇక్కడి పిల్లల యాసలో. తర్వాత కాస్త ఆగి, అమ్మ ఎవరి వెనకా నడవదని చెప్పింది. మార్కెట్లో కూడా నన్ను పక్కనే నడవమంటుంది, ముందుకెళ్తే చెయ్యి పట్టి లాగేస్తుంది, నా మొహం కనిపిస్తూ ఉండాలంటుంది అంది. మాత్రలు వేసుకుంటోంది, పగలు కూడా నిద్రపోతోంది అంది. నా రైలు వచ్చిందని అబద్ధం చెప్పి మెట్లు దిగేశాను.

ప్రసన్నా, నీకు తెలిసినదే అయినా, కిందటేడు జూలైలో ఫ్రాన్స్ లావెండర్ కొండల్లో ఏం జరిగిందో నా చేత్తో ఒకసారి రాయనివ్వు.

అది మన నాలుగో రోజు. దారి డెబ్బై కిలోమీటర్లు. రెండు లోయలు దాటి, ఆపైన ఒక కనుమ ఎక్కి, అవతలి రాతి ఊరికి చేరాలి. పొద్దుటినుంచీ రెండు వైపులా ఊదారంగు చాళ్లే. దవనం నలిపి ఎండలో పెట్టినట్టు వాసన. తేనెటీగల రొదలో గేరు మార్చిన చప్పుడు కూడా వినపడలేదు. రెండో లోయ దాటాక ఘాట్ రోడ్డు మొదలైంది. నువ్వు నెమ్మదిగా వస్తానన్నావు. పైన ఆగుతానని చెప్పి నేను ముందుకెళ్లాను. కనుమ మీద, పైకప్పు కూలిన రాతి కొట్టం దగ్గర దారి రెండుగా చీలుతుంది. ఎడమది ఊళ్లోకి దిగుతుంది. కుడిది ఇంకా పైకి పోతుంది, అది మన మ్యాపులో లేదు. నేను అక్కడ ఆగలేదనీ, నువ్వు వెనకే వస్తున్నావనుకుని ఎడమవైపు దిగిపోయాననీ అందరికీ చెప్పాను. ఊళ్లో రెండు గంటలు ఎదురుచూశాక ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది.

ఆసుపత్రి మంచం మీద, భుజం ఎముక విరిగి, చెంప గీరుకుపోయి నువ్వు ఉన్నావు. నన్ను చూడగానే నువ్వడిగిన మొదటి మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "ఎందుకే, అన్నిసార్లు పిలిస్తే ఒక్కసారి కూడా తిరగలేదు?" అన్నావు.

నేను నీకు ఇరవై గజాల ముందే ఉన్నానన్నావు. పసుపు జెర్సీ, చిరిగిన వీపు జేబుకి నువ్వే వేసిచ్చిన ఎర్ర దారం కుట్టు కూడా కనిపించిందన్నావు. నువ్వు వేగం పెంచితే నేను పెంచానట, నువ్వు తగ్గిస్తే తగ్గించానట. కుడివైపు దారిలో అలా ఆరు కిలోమీటర్లు. చివర్లో నీళ్ల సీసా జారి చక్రానికి తగిలింది. బ్రేకు నొక్కావు, కంకర మీద జారి పడ్డావు. తల ఎత్తి చూస్తే నాలుగడుగుల అవతల రోడ్డు లేదు. వాగు మీద వంతెన కూలి ఏళ్లయిందట. వంతెన లేని ఆ చోటునుంచి కూడా పసుపు జెర్సీ ఆగకుండా అవతలికి వెళ్లిపోవడం చూశానన్నావు. లావెండర్ కోతకి ట్రాక్టర్ మీద వచ్చినవాళ్లు నిన్ను చూసి ఉండకపోతే ఏమయ్యేదో.

అప్పుడు నేనేం చేశానో నీకు తెలుసు. నీ తల నిమిరి, ఎండదెబ్బ తగిలిందే, నీళ్లు తాగలేదు నువ్వు అన్నాను. గోపీకృష్ణ గారికి ఫోన్ చేసి ప్రసన్న ఏవేవో చూశానంటోంది, డాక్టరుకి చూపించండి అన్నాను. ఇక్కడికొచ్చాక మన సైకిల్ క్లబ్బులో అడిగినవాళ్లందరికీ అదే చెప్పాను. పాపం అని కూడా అన్నాను. నువ్వు ఒట్టు వేసి చెప్పినప్పుడు, నేను నిన్ను వదిలేసి వెళ్లినందుకు కక్షతో కథ అల్లుతున్నావని నీ మొహం మీదే అన్నాను. ఆ రోజే కదా మన మాటలు ఆగిపోయాయి.

నిజంగానే నీకు ఎండదెబ్బ తగిలిందని నమ్మాను. అంతకు మించి నాకేమీ తెలియదు.

ఇక నిన్న జరిగింది చెబుతాను.

నిన్న పొద్దున నేను ఒక్కదాన్నే మండాయ్ రోడ్డు మీద వెళ్తుంటే వెనక చక్రం పంక్చర్ అయింది. ట్యూబ్ మార్చాను. పది నిమిషాలకే అదీ పోయింది. అడవి పక్కన ఫుట్‌పాత్ మీద కూర్చుని, చుట్టూ కోతులు చూస్తుండగా ప్యాచ్ వేసుకున్నాను. గంటకి పైగా అక్కడే ఉన్నాను. తర్వాత క్లబ్బు వాళ్లు ఎప్పుడూ తినడానికి కలిసే బూన్ లే హాకర్ సెంటర్‌కి వెళ్లాను.

రామారావు అంకుల్ గుర్తున్నారు కదా, షిప్‌యార్డులో రిటైరైన ఆయన? నన్ను చూడగానే గట్టిగా అరిచారు. "ఏమ్మా, చెవుడొచ్చిందా నీకు? నియో టియూ మలుపు నించి పిలుస్తూనే ఉన్నా. ఒక్కసారన్నా తిరగవేం?"

ఆయన మోకాలు చెక్కుకుపోయి ఉంది. నా నీలం జెర్సీ వైపు చూసి, ఇదెప్పుడు మార్చుకున్నావని అడిగారు. పసుపుదే వేసుకున్నావు కదా, జేబు మీద ఎర్ర కుట్టుతో, దాన్ని చూసే గుర్తుపట్టానన్నారు.

ప్రసన్నా, ఆ పసుపు జెర్సీ నా దగ్గర లేదు. నీ రక్తం అంటిందని ఆ ఆసుపత్రి చెత్తబుట్టలోనే పడేసి వచ్చాను.

నేను మండాయ్‌లో ప్యాచ్ వేసుకుంటున్న వేళ, ఆయన నా వెనకాలే లిమ్ చు కాంగ్ రోడ్డు మొత్తం తొక్కారట. అటూ ఇటూ సమాధులు, తిన్నగా పోయే రోడ్డు, చివర సముద్రం. ఎంత తొక్కినా మా మధ్య దూరం తగ్గలేదట. ఇంత స్పీడు ఎప్పుడు నేర్చావమ్మా అని నవ్వారు. రోడ్డు అయిపోయేచోట ఆయన బ్రేకు వేసి పడ్డారు. లేచేసరికి నేను లేను. ఏ తోట సందులోకో తిరిగిపోయి ఉంటాననుకున్నారు. "సరే, మకాన్‌కి కూర్చో, తిందాం, ఆకలేస్తోంది" అని కుర్చీ జరిపారు.

నేనేమన్నానో తెలుసా? సారీ అంకుల్, చెవుల్లో పాటలు పెట్టుకున్నాను అన్నాను. అంత తేలిగ్గా వచ్చింది అబద్ధం.

వచ్చే శనివారం ఆయన కొత్తగా చేరిన ఆరుగురిని అటే తీసుకెళ్తున్నారట. దారి నీకు బాగా తెలుసు కాబట్టి నువ్వు ముందుండు, మేం నీ వెనకాల వస్తామని ఆయన అన్నారు. ఇంటికొచ్చాక ఆ మాటే తిరుగుతూ ఉంది. ఆ పసుపు జెర్సీని చూసి, నేననుకుని, ఆరుగురు ఆ వీపు వెనకాల వెళ్తారు. అందరికీ నీళ్ల సీసా జారిపడదు కదా.

సాయంత్రం ఆయనకి ఫోన్ చేశాను. పొద్దున అక్కడున్నది నేను కాదని, ఆ వేళకి నా సైకిల్ మండాయ్‌లో పంక్చరై పడి ఉందని చెప్పాను. పసుపు జెర్సీలో నేను కనిపిస్తే ఎవరూ నా వెనక రావద్దని చెప్పాను. నవ్వుతారనుకున్నాను. ఆయన నవ్వలేదు.

"అయితే ఆ పిల్ల చెప్పింది నిజమేనన్నమాట" అన్నారు. "ఏడాదిగా మనందరం ఆ పిల్లని పిచ్చిదంటున్నాం." నేను ఊఁ అన్నాను. ఆయన ఫోన్ పెట్టేశారు. ఆ దారికి రావద్దని క్లబ్బులో అందరికీ మెసేజ్ పంపారు, కారణం రాయలేదు.

అందుకే ఈ ఉత్తరం. వచ్చే ఆదివారం పదకొండింటికి మీ ఇంటికి వస్తాను. ఈసారి లిఫ్టు ఎక్కుతాను. గోపీకృష్ణ గారికి, సుస్మితకి నా నోటితో చెబుతాను. మీ డాక్టరు దగ్గరికి రమ్మంటే వస్తాను. అప్పటిదాకా మాత్రలు నీ అంతట నువ్వు ఆపకు. తలుపు తీయకపోయినా సరే, గుమ్మం బయట నిలబడి చెప్పి వెళ్తాను. తీస్తే మాత్రం ముందు నా మొహం సరిగ్గా చూసుకో.

నీ మాట నమ్మాల్సిన రోజున నమ్మని,
అలేఖ్య

తా.క. సోమవారం పొద్దున. కవరు అంటించి, పోస్టు డబ్బా దాకా వెళ్లి, వెనక్కి వచ్చి మళ్లీ చింపాను. పైన ఒక అబద్ధం ఉంది. నేను ఆగకుండా ఎడమవైపు దిగిపోలేదు. చెప్పినట్టే నీ కోసం ఆగాను. ఆ కూలిన కొట్టం లోపల, నీడలో, బూట్లు విప్పి కూర్చుని ఆప్రికాట్ పండు తింటున్నాను. ముందు పసుపు జెర్సీలో ఆమె వచ్చింది. ఎత్తు ఎక్కుతోంది, కానీ కాళ్లు కదలడం లేదు. కొట్టం దగ్గరికి రాగానే తల తిప్పి లోపలికి చూసింది. నువ్వు వీపే చూశావు, నేను మొహం చూశాను. అది నాదే. ఆ వెనకే నువ్వు, ఆయాసపడుతూ, అలేఖ్యా, ఆగవే, అంటూ కుడివైపుకి తిరిగావు. నాకు పదడుగుల దూరంలోంచి వెళ్లావు. ప్రసన్నా అని ఒక్క కేక వేస్తే ఆగేదానివి. కానీ కేక వేస్తే ఆమె కూడా ఆగుతుందని భయపడి, పండు నోట్లోనే పెట్టుకుని, నువ్వు కనుమరుగయ్యేదాకా కదలకుండా కూర్చున్నాను.