ఏడు గంటల ప్రశ్న

రాయపూర్,
14-7-2016.

చిరంజీవి లిడియాకు నాన్న దీవెనలు. దేవుని దయవల్ల అమ్మా నేనూ కులాసాగా ఉన్నాం. విశాఖ ఆసుపత్రిలో నీకు డ్యూటీలు కాస్త తగ్గాయని తలుస్తాను.

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఆ ఫోను మీద నాకు నమ్మకం లేదు. మందులు వేసుకుంటున్నారా అని అడిగావు, వేసుకుంటున్నాను. కాళ్ళ వాపు తగ్గింది. తాగుడు మాన్పించే కేంద్రం వాళ్ళ మెసేజీకి జవాబిస్తున్నారా అన్నావు. ఇస్తున్నాను. సాయంత్రం ఏడింటికి టంచనుగా అడుగుతుంది, ఈరోజు తాగారా అని. లేదంటే ఒకటి, అవునంటే రెండు నొక్కాలి. నన్నందులో చేర్పించింది నువ్వే కాబట్టి, నా జవాబులు చాటుగా నీకు చేరుతున్నాయని నా అనుమానం. ముప్పై ఏళ్ళు వ్యాగన్ల వర్క్‌షాపులో చేసినవాణ్ణి, సుత్తితో కొట్టి చూడందే చక్రాన్ని కూడా నమ్మలేదు.

అందుకే పోయిన నెల ఒక పరీక్ష పెట్టాను. చుక్క ముట్టకుండానే రెండు నొక్కి, నీ ఫోను కోసం కాచుక్కూర్చున్నాను. పది నిమిషాల్లో మోగింది. నువ్వు కాదు, కేంద్రంలో పనిచేసే పూర్ణిమ అనే అమ్మాయి. “అంకుల్‌జీ, ఆప్ అకేలే హై క్యా? ఫోన్ మత్ రఖియే” అంటూ, నేను ఒంటరిగా ఉన్నానేమో, ఫోను పెట్టేస్తానేమోనని ఒకటే కంగారు. తాగలేదని అమ్మ చేత చెప్పించుకుని గానీ వదల్లేదు. అమ్మ ఊరుకుంటుందా? “ఆ పిల్లని ఉత్తపుణ్యానికి పరేషాన్ చేశారు కదండీ! ఎవర్నీ నమ్మరేంటి మీరు?” అని దులిపేసింది. అప్పటికీ నాకు నమ్మకం కుదరలేదు. ఆ అమ్మాయి చేత నువ్వే చేయించావేమో అనుకున్నాను.

అసలు సంగతి ఇప్పుడు రాస్తున్నాను. మొన్న మా వర్క్‌షాపు శామ్సన్ రిటైర్మెంటు విందుకని తిల్దా వెళ్ళాను. ఆరు నెలల తర్వాత తాగాను తల్లీ. ఒక గ్లాసు కాదు, మూడు. తిరుగు రైల్లో ఉండగా ఏడయింది, మెసేజీ వచ్చింది. రెండు నొక్కితే ఆ అమ్మాయి ఫోను చేస్తుందని తెలుసు. తెలిసే ఒకటి నొక్కాను. ‘శభాష్, ఇలాగే ఉండండి’ అని వచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను. నిన్న కూడా తాగాను, నిన్న కూడా ఒకటే నొక్కాను. అమ్మ సాయంత్రాలు చర్చిలో ఉపవాస కూటాలకు వెళుతోంది, కనిపెట్టలేదు.

ఈ ఉత్తరం డబ్బాలో వేసి వచ్చి అమ్మతో చెబుతాను. సాయంత్రం రెండు నొక్కుతాను. నొక్కుతానన్న నమ్మకం నాకే లేదు. అందుకని, ఇది అందగానే అమ్మకు ఫోను చేసి, నాన్న చెప్పాడా అని అడుగు. నన్నడగకు, చెప్పేశాననే అంటాను.

ఇట్లు,
మీ నాన్న
సామ్యూల్