నలభై రోజులు ఓడ ఎక్కను

ఫిబ్రవరి 18, బుధవారం

ఉదయం 6:00. ఈరోజు నుంచి శ్రమల దినాలు. ఈస్టర్ దాకా, ఆదివారాలు లెక్కలోకి తీసుకోకుండా, నలభై రోజులు. మా మైపాడు సంఘంలో ప్రతి ఏడూ ఒక్కొక్కరు తమకు బాగా ఇష్టమైనదాన్ని మానేస్తారు. ఏం మానేస్తున్నామో చీటీ మీద రాసి, మడిచి, చర్చిలో పెట్టెలో వేయాలి. ఎవరికీ చెప్పకూడదు. చెప్పుకుంటే అది ఉపవాసం కాదు, చాటింపు అంటారు పాస్టర్ సుశీల్ కుమార్ గారు.

ఇంతకు ముందు నేను మానేసినవి: టీ (నాలుగు రోజులు). రొయ్యలు (రొయ్యల హేచరీలో ఉద్యోగం చేస్తూ, రెండు రోజులు). కోపం (ఒక పూట).

ఈ ఏడు పెద్దదే రాశాను. ఫోరం.

డైరీ దగ్గర దాపరికం ఎందుకు, వివరంగా రాస్తాను. పాత ప్రమాదాల సినిమాల సంగీతమంటే ప్రాణం పెట్టేవాళ్ళు ప్రపంచం మొత్తం మీద ఓ మూడు నాలుగు వందల మంది ఉంటారు. ఓడలు మునిగేవి, మేడలు తగలబడేవి, భూకంపాలు, విమానాలు. ఆ సినిమాలకు వాయించిన దాంట్లో సగం కూడా అప్పటి రికార్డుల్లోకి రాలేదు. మిగతాది ఏదో గోడౌన్‌లో టేపుల మీద పడి ఉంటుంది. చిన్న చిన్న కంపెనీలు ఆ టేపులు వెతికి, మొత్తం సంగీతాన్ని సీడీలుగా తెస్తాయి. ఏది వస్తుందో ముందు చెప్పరు. మేమంతా ఇంటర్నెట్‌లో ఒక ఫోరంలో చేరి ఊహిస్తాం, వాదించుకుంటాం, ఎదురుచూస్తాం. అక్కడ నా పేరు ‘నెల్లూరు’. పదకొండేళ్ళలో ఒక్క శుక్రవారం తప్పలేదు.

నేను ఎదురుచూసేది ఒక్క ఓడ సినిమా కోసం. 1982లో నాన్నతో నెల్లూరు వెళ్ళి చూశాను. అప్పుడు నాకు పదేళ్ళు. ఓడ ఒరగడం మొదలైంది, బూరలు అందుకున్నాయి, ఒళ్ళు జలదరించింది, కరెంటు పోయింది. ఎంతకీ రాలేదు. చివరి బస్సుకి ఇంటికి వచ్చేశాం. పెద్దయ్యాక రికార్డు సంపాదించాను. సరిగ్గా అదే చోట, రెండు నిమిషాల పది సెకన్లకు, సంగీతం మెల్లగా తగ్గి ఆగిపోతుంది. సినిమా మళ్ళీ చూశాను. అక్కడ అరుపులు, నీళ్ళు, గాజు పగలడం తప్ప ఏమీ వినపడదు. ఆ మిగతా సంగీతం వినాలి. యాభై నాలుగేళ్ళు వచ్చాయి, నాకున్న కోరిక ఇదొక్కటే.

7:15. చీటీ వేశాను. ఒళ్ళు తేలికైంది.

నియమం నియమమే గనుక ఫోరంలో కూడా చెప్పలేదు. నిన్న చివరగా రాసింది ఇది: “గాలి ఎక్కువగా ఉంది. సముద్రం హోరు ఇంట్లోకి వినిపిస్తోంది. మళ్ళీ రాస్తాను.”

ఫిబ్రవరి 19, గురువారం

అద్భుతంగా ఉంది. మిగిలిన సమయంలో చేసినవి:
– ఫ్యాను తుడిచాను.
– ప్రార్థన చేశాను. రెండు సార్లు.
– అబిగయీలుతో మాట్లాడాను.

మూడోదానికి ఆమె కంగారు పడింది. “ఏమయ్యా, ఒంట్లో బాగలేదా? డాక్టరు దగ్గరికి పోదామా?” అంది. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళకు భార్యతో అరగంట మాట్లాడితే వచ్చే పేరు ఇది.

ఆమె ఏం మానేసిందో చెప్పలేదు. ఏడున్నరకు టీవీ పెట్టలేదు గనుక సీరియల్ అని అర్థమైంది.

ఫిబ్రవరి 20, మొదటి శుక్రవారం

మేం కనిపెట్టుకుని ఉండే సీడీల కంపెనీ యూరప్‌లో ఉంది, శుక్రవారం అక్కడి ఉదయం పదింటికి కొత్త విడుదల చెబుతుంది. మనకు మధ్యాహ్నం రెండున్నర.

2:10. హేచరీ తొట్ల నీళ్ళలో ఉప్పు శాతం చూశాను.
2:25. మళ్ళీ చూశాను.
2:30. మళ్ళీ.

“జకరయ్యన్నా, ఇప్పుడే గదా చూసినావు. అయిదు నిమిషాల్లో సముద్రం ఏమన్నా తియ్యబడతాదా?” అన్నాడు నాతో పనిచేసే పెంచలకృష్ణ.

చూడలేదు. గెలిచాను.

మార్చి 3, మంగళవారం

రెండు వారాలు. కుర్రవాళ్ళకు నా గురించి సాక్ష్యం చెప్పమని పాస్టర్ గారు అడిగితే ఏం చెప్పాలో సిద్ధంగా ఉంచుకున్నాను. అడగలేదు. రహస్యం గదా, ఎలా అడుగుతారు.

మార్చి 6, శుక్రవారం

2:30. ఒక సందేహం. కంపెనీ తన ఖాతాదారులకు మెయిల్ కూడా పంపుతుంది. చీటీ మీద నేను రాసింది ‘ఫోరం’. మెయిల్ అని రాయలేదు. రాయని దాన్ని మానేయడం అతి అవుతుంది.

2:31. మెయిల్ చూశాను. ఏదో మేడ తగలబడే సినిమా. మంచిదే. నాది కాదు.

ఫోరంలో ఆల్టో గారు ఇప్పుడు నిట్టూర్చి ఉంటారు. ఫిన్లాండ్‌లో ట్రాము నడిపి రిటైరైన మనిషి, ఎనభై ఒక్కేళ్ళు. ఆయనకూ నా ఓడే కావాలి. ప్రతి శుక్రవారం “ఈరోజు కాదు, నెల్లూరు” అని రాస్తారు. “ఈరోజు కాదు, ఆల్టో గారూ” అని నేను రాస్తాను. మా స్నేహమంతా ఈ నాలుగు మాటలే.

మార్చి 13, శుక్రవారం

మెయిల్ చూశాను. విమానం. నాది కాదు.

సాయంత్రం 7:40. పక్కింటి కిటికీ కింద మునగాకు కోస్తూ అబిగయీలు కనిపించింది. పక్కింట్లో సీరియల్ నడుస్తోంది. వంటకు అంత ఆకు అక్కర్లేదు. ఆమె నన్ను చూసింది. నేను ఆకును చూశాను. ఇద్దరం ఇంట్లోకి వచ్చాం.

మార్చి 20, శుక్రవారం

ఈ వారం కంపెనీ మెయిల్ రాలేదు. పదకొండేళ్ళలో ఎప్పుడూ ఇలా జరగలేదు. మనసు మనసులో లేదు. రొయ్య పిల్లల లెక్క తప్పు రాస్తే పెంచలకృష్ణ దిద్దాడు.

మార్చి 27, శుక్రవారం

2:30. మెయిల్ వచ్చింది. ఒకటే వాక్యం: “వచ్చే శుక్రవారం, మునిగినది తేలుతుంది.”

2:34. కూర్చున్నాను.
2:50. ఇంకా కూర్చునే ఉన్నాను. పెంచలకృష్ణ నీళ్ళు తెచ్చిచ్చాడు.

మునిగినది అంటే ఓడే. ఇంకేముంటుంది? జలాంతర్గామి కావచ్చు. ఆనకట్ట తెగిన సినిమా కావచ్చు. ఫోరం ఇప్పుడు ఉడికిపోతూ ఉంటుంది. నేను లేను. శ్రమలంటే ఏమిటో ఈరోజు తెలిసింది.

3:15. కంపెనీ మెయిల్ వస్తే తెర పైభాగాన కనపడేలా ఫోన్‌లో పెట్టుకున్నాను. చూడటం వేరు, కనపడటం వేరు.

మార్చి 29, మట్టల ఆదివారం

పిల్లలు మట్టలు పట్టుకుని ఊరంతా పాడుతూ తిరిగారు. ఆరాధన అయ్యాక పాస్టర్ గారు గుడ్ ఫ్రైడేకి ఏడు మాటలు ఏడుగురికి పంచారు. పన్నెండు నుంచి మూడు దాకా, సిలువ మీద పలికిన ఒక్కొక్క మాట గురించి ఒక్కొక్కరు మాట్లాడాలి. నాకు ఐదోది వచ్చింది. దాహం గురించి.

“మీకు బాగా అచ్చొస్తాది బ్రదర్, ఎండలో పని చేసేవాళ్ళు గదా,” అన్నారు.

లెక్క వేశాను. నా వంతు ఒంటిగంటన్నరకు. మెయిల్ రెండున్నరకు. ఏ ఇబ్బందీ లేదు.

ఏప్రిల్ 3, గుడ్ ఫ్రైడే

సాయంత్రం 5:00. జరిగింది జరిగినట్టు రాస్తాను.

చెప్పాల్సింది ఫోన్‌లో రాసుకున్నాను. అక్షరాలు పెద్దవిగా కనపడతాయని. ఒంటిగంటన్నరకు మైకు ముందుకు వెళ్ళాను. మొదటి పేరా చదివాను. రెండో పేరా మీద మెయిల్ వచ్చి వాలింది, వేలు తగిలి మొత్తం తెరుచుకుంది.

యూరప్‌లో మార్చి ఆఖరి ఆదివారం గడియారాలు గంట ముందుకు జరుపుతారు, ఆ తర్వాత అక్కడ పదైతే మనకు ఒంటిగంటన్నరే. ఏటా జరిగేదే. నాకు గుర్తు రాలేదు.

నా ఓడ. మొత్తం సంగీతం. రెండు సీడీలు, జూన్‌లో. తొమ్మిదో ట్రాక్: ఓడ ఒరగడం, నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు.

దాని కింద ఇంకో వాక్యం ఉంది: “దీని కోసం పదకొండేళ్ళు ఎదురుచూసి, వినకుండానే వెళ్ళిపోయిన మా నెల్లూరు మిత్రుడి జ్ఞాపకానికి ఈ విడుదల అంకితం.”

ఎంతసేపు నిలబడ్డానో నాకు తెలియదు. నిమిషం పైనే అని అబిగయీలు తర్వాత చెప్పింది. నా గొంతులోంచి వచ్చింది ఒకటే: “దాహం తీరకముందే...” వెళ్ళి కూర్చున్నాను. వెనక వరసల్లో పెద్దవాళ్ళు వెక్కి వెక్కి ఏడ్చారు.

బయటికి వచ్చాక పాస్టర్ గారు నా రెండు చేతులూ పట్టుకున్నారు. “ఇన్నేళ్ళలో ఐదో మాటకి ఇంత ఏడుపు నేను చూడలా బ్రదర్. వచ్చే ఏడు కూడా మీకే.” సిగ్గుతో చచ్చిపోయాను. అప్పటికే ఒకసారి చచ్చిపోయి ఉన్నాను గనుక అది రెండోసారి.

ఇంటికి వచ్చి అబిగయీలుకు చీటీ దగ్గర నుంచి అంతా చెప్పాను. నవ్వి నవ్వి మంచం మీద కూలబడింది.

“అంటే నువ్వు చచ్చిపోయినావా?”

“వాళ్ళ లెక్కలో.”

“ఎట్టా చచ్చినావంట?”

“తెలియదు. ఫోరం చూడాలి. బతికున్నానని రాయాలి.”

“ఆరు వారాలు చచ్చినోడివి రెండు రోజులు ఆగలేవా? మొక్కు ఈస్టర్ దాకా గదా. మూడో దినాన లేస్తే సరిపోద్ది.”

రాయనని మాటిచ్చాను.

చదవనని ఇవ్వలేదు. 4:05కి తెరిచాను. నలభై రోజుల్లో ముప్ఫై ఎనిమిది ఆగాను. ఇక్కడితో అయిపోయింది.

‘నెల్లూరు ఎక్కడ?’ అని ఒక చర్చ. పద్నాలుగు పేజీలు. గాలి, హోరు అని నేను రాసి వెళ్ళిన మాటలు పట్టుకున్నారు. రెండో శుక్రవారానికి ఆందోళన. మూడో శుక్రవారానికి ఒకాయన ఏదో పాత తుఫాను వీడియో తెచ్చి నెల్లూరు తీరం అని పెట్టాడు. ఇంకొకాయన మైపాడు సముద్రానికి ఎన్ని అడుగుల ఎత్తులో ఉందో పటం గీసి, అల ఎంత పైకి వస్తే ఏమవుతుందో లెక్క కట్టాడు. జీవితమంతా ప్రమాదాల సినిమాలు చూసినవాళ్ళు. మనిషి కనపడకపోతే జ్వరమొచ్చిందేమో అనుకోరు. ఊరు మునిగిందనే అనుకుంటారు.

ఐదో పేజీలో నా సంతాపం మధ్యలో ఇద్దరు ఏ రికార్డులో బూరలు స్పష్టంగా ఉన్నాయో కొట్లాడుకున్నారు. ఒకరు నా దగ్గరున్న రికార్డులు అమ్ముతారా అని అడిగారు.

పదకొండో పేజీలో ఆల్టో గారు. కంపెనీకి తాను రాసిన ఉత్తరం పెట్టారు. “టేపులు రెండేళ్ళుగా మీ దగ్గర ఉన్నాయట, ఎవరు కొంటారని ఆగారట. కొనేవాడొకడు వెళ్ళిపోయాడు. నాకు ఎనభై ఒకటి. ఇంకెవరి కోసం ఆగుతారు?” అంతే ఉత్తరం. దానికే వాళ్ళు కదిలారు.

పదకొండేళ్ళు అడిగితే రాలేదు. ఆరు వారాలు నోరు మూసుకుంటే వచ్చింది.

ఏడ్చాను. నా మొహం కూడా తెలియని మనుషులు. మా తమ్ముడు ఉండేది ఇక్కడే దగ్గర్లో, బుచ్చిరెడ్డిపాలెంలో, వాడు నాకు చివరిసారి ఫోన్ చేసింది సంక్రాంతికి ముందు.

ఏప్రిల్ 4, శనివారం

ఫోరంలో ఏమీ రాయలేదు. పదిహేడు సార్లు తెరిచాను. రొయ్యల కూర వాసన వస్తోంది, రేపటికి.

ఏప్రిల్ 5, ఈస్టర్

తెల్లవారుజామున ఒడ్డున ఆరాధన. సూర్యుడు వచ్చే వేళకు అందరం పాడాం. పాట అయ్యీ అవగానే అబిగయీలు నా చెవిలో, “ఇంక లెయ్యి పో,” అంది.

7:20. రాశాను: “నేను బతికే ఉన్నాను. మా ఊరు కూడా ఉంది. నలభై రోజుల వ్రతంలో ఉన్నాను. చెప్పకూడదు గనుక చెప్పలేదు. మన్నించండి.”

7:24. మొదటి జవాబు: “చనిపోయిన మనిషి పేరుతో ఆటలు వద్దు.”
7:31. రెండోది: “నిజంగా నెల్లూరు అయితే రికార్డు ఎన్ని సెకన్ల దగ్గర ఆగుతుందో చెప్పు.”
7:32. చెప్పాను.
7:33. నమ్మారు. ఆ తర్వాత వచ్చినవి లెక్క పెట్టలేకపోయాను.

9:00. కంపెనీ నుంచి మెయిల్. పండగ పూట కూడా పని చేస్తున్నారు పాపం. చాలా సంతోషం, చాలా సిగ్గుగా ఉంది, కానీ అంకితం ఉన్న సీడీల లోపలి పుస్తకం అచ్చయిపోయింది, వెయ్యి కాపీలు. ప్రతి దాంట్లో ఒక చిన్న కాగితం పెడతారట, నెల్లూరు మిత్రుడు క్షేమం అని. నా కాపీ ఉచితం. చిరునామా ముందే దొరికించుకున్నారట, కుటుంబానికి పంపుదామని. పార్శిల్ అబిగయీలు పేరున వస్తుంది.

“నాది గదా. అడిగి వినాల,” అంది అబిగయీలు.

10:15. ఆల్టో గారి దగ్గర నుంచి ప్రత్యేకంగా ఒక సందేశం. “శుక్రవారం నుంచి నాకు సంతోషం లేదు. ఒక్కణ్ణే వినాలి గదా అని భయపడ్డాను. జూన్‌లో ఒకే రోజు, ఒకే గంటకు ఇద్దరం విందామా?”

విందాం అని రాశాను. అక్షరాలు మసకగా కనపడ్డాయి.

ఏప్రిల్ 6, సోమవారం

ఉదయం 8:00. కంపెనీ తొమ్మిదో ట్రాక్ నుంచి ఒక నిమిషం నమూనా పెట్టింది. రెండో నిమిషం నుంచి మూడో నిమిషం దాకా. నేను వినను. ఆల్టో గారూ వినరు. సీడీలు ఇద్దరికీ అందాక, కలిసి, మొదటి నుంచి. కొత్త తీర్మానం. ఇది పాతదాని లాంటిది కాదు, ఎందుకంటే ఇందులో ఇంకో మనిషి ఉన్నాడు.

11:30. బ్రహ్మాండంగా ఉన్నాను.

మధ్యాహ్నం 1:10. పంపు షెడ్డులో ఎవరూ లేరు. ఫోన్ పనిచేస్తోందో లేదో చూడటానికి మీట నొక్కాను.

నమూనాలో పదో సెకను, అంటే రెండు నిమిషాల పది సెకన్ల చోటు వచ్చింది. ఆగలేదు. నాకు తెలిసిన చోట ఆగకుండా బూరలు ఇంకా పైకి వెళ్ళాయి, వాటి మీదికి ఫిడేళ్ళు వచ్చాయి. ఇన్నేళ్ళూ ఇది ఉంది. నేను వినకపోయినా ఇది ఇలాగే ఉంది. షెడ్డు గోడకు ఆనుకుని నిలబడ్డాను. నమూనా ఇరవై మూడు సెకన్ల దగ్గర ఆపేశాను. ఆపగలిగాను, అదీ రాసుకోవాలి.

సాయంత్రం 6:30. ఆల్టో గారి సందేశం. “మిత్రమా, నేను బలహీనుణ్ణి. పదకొండు సెకన్లు విన్నాను. మన్నించు.”

పరవాలేదు, మీరు పెద్దవారు అని రాయబోయాను. భుజం మీద నుంచి అబిగయీలు చదివింది. “పరాయి దేశం ముసలాయన నిజం చెప్పినాడు. నువ్వో?”

“ఇరవై మూడు,” అని రాశాను.

ఆల్టో గారి జవాబు వచ్చింది: “అయితే ఆ తర్వాత ఏమవుతుందో నీకు తెలుసు. చెప్పొద్దు.”

చెప్పను. రేపు మంగళవారం. రేపు పొద్దున్నుంచి జూన్ దాకా వినం, ఇద్దరమూ. మొదటి రోజు రేపు.